తుడుం వినడానికి సైకిళ్ళ మీద

మా బావ సింహాచలం చెవుల కోసం నేను అరకు కొండ ఎక్కాను. ఆ ఘాట్ రోడ్డు అందం గురించీ, బొర్రా గుహల గురించీ, రైలు సొరంగాల గురించీ రాసినవాళ్ళు ఉన్నారు. నేను గుహల్లోకి దిగలేదు, రైలెక్కలేదు. మేం వెళ్ళిన పని వేరు. ఆ పని కాలేదు కూడా. అయినా ఆ ప్రయాణం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. విజయనగరం పక్కన ఒక జూట్ మిల్లులో, మగ్గాల షెడ్డులో, మీసాలు రాకముందే పనికి చేరాడు. ఆ షెడ్డులో పక్కన నిలబడి అరిచినా మాట వినబడదు. అందరూ పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. నలభై దాటేసరికి బావ ఇంట్లో కూడా అక్క పెదాలు చూడ్డం మొదలుపెట్టాడు. అన్నానికి కూతురు గుమ్మంలోంచి పిలిస్తే కదిలేవాడు కాదు. ఆ గుంట వచ్చి చొక్కా పట్టుకు లాగాలి.

పెద్దాసుపత్రిలో చూపించాం. సన్న గొంతులు, గంటలు, పిట్టల కూతలు అప్పటికే పోయాయనీ, లావు శబ్దాలు ఇంకా ఉన్నాయనీ, అవీ ఎన్నాళ్ళో ఉండవనీ డాక్టరు చెప్పాడు. మోత దగ్గరికి పోవద్దన్నాడు. మిల్లుకి పోకపోతే పొయ్యిలోంచి పిల్లి లేవదని ఆయనకి ఎవరు చెబుతారు?

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాక బావ అన్నాడు: "ఒరే సూరీ, అవి కూడా పోకముందు ఓపాలి తుడుం ఇనాలనుందిరా."

తుడుం అంటే మన్యంలో పండగలకి వాయించే కుండలాంటి డప్పు. బావ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎద్దుల మీద ఉప్పు వేసుకుని డుంబ్రిగుడ సంతకి వెళ్ళేవాడు. ఒకసారి కొడుకునీ తీసుకెళ్ళాడు. చైత్రమాసం, ఇటుకల పండగ రోజులు. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని థింసా ఆడుతుంటే నాన్న భుజం మీంచి చూశాడు. "ఆ మోత సెవిలోకి కాదురా, పొట్టలోకి దిగినాది" అనేవాడు.

బస్సులో వెళ్దామన్నాను. బస్సెక్కితే ఇంజను మోతకి ఆయన చెవిలో హోరు లేస్తుంది, రెండుమూడు రోజులు దిగదు. సొరంగాల్లో దూరే రైలు సంగతి చెప్పక్కర్లేదు.

"సైకిళ్ళ మీదెల్దుము. సైకిలు నోరెత్తదు" అన్నాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు చైత్రంలో బయల్దేరాం. నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. సెలవు దొరకడం పెద్ద కష్టం కాలేదు. కష్టమల్లా మా అక్కతోనే. "ఇనపడనోణ్ణి లారీలు తిరిగే కొండ మీదికి ఏల తీసుకెల్తన్నావురా?" అని ఆమె వాకిట్లో కూర్చుని ఏడ్చింది.

బొడ్డవర

శృంగవరపుకోట దాటితే బొడ్డవర. అక్కడితో చదును అయిపోతుంది, కొండ మొదలవుతుంది. ఆ రాత్రి బావ పినతండ్రి కొడుకు ఇంట్లో పడుకున్నాం. వాళ్ళింట్లో చేపల పులుసు, అప్పుడే కొట్టిన తాటిముంజెలు. ఆ పులుసు సంగతి ఇప్పుడు రాస్తుంటే కూడా నోరూరుతోంది.

అక్కడే మా రోడ్డు నియమాలు పెట్టుకున్నాం. బావకి నా సైకిలు బెల్లు వినబడదు. లారీ దగ్గరికొస్తే దాని గుర్రు ఛాతీకి తగులుతుందంటాడు గానీ, గాలి ఎదురుగా కొడితే అదీ లేదు. నేను వెనక ఉంటే లారీ వస్తోందని ఆయనకి చెప్పలేను. అందుకని నేనే ముందు. వెనక లారీ వినబడితే ఎడమ చెయ్యెత్తుతాను. ఎదురుగా మలుపు అవతల వినబడితే కుడి చెయ్యి. ఏ చెయ్యి లేచినా బావ వెంటనే దిగి, కొండకి ఆనుకుని నిలబడాలి. మా ఎడమ పక్క లోయ వచ్చిన మలుపుల దగ్గర ఇద్దరం దిగి నడవాలి. వాన పడితే ఎక్కడం లేదు, తొక్కడం లేదు. దిగేటప్పుడు బ్రేకు బిగించి పట్టుకోకూడదు, పట్టి వదిలి, పట్టి వదిలి రావాలి. లేకపోతే రిమ్ము కాగి రబ్బరు ముక్కలు అరిగిపోతాయి.

"ఇన్ని రూల్సు మా మిల్లులో నేవు" అని బావ నవ్వాడు. కానీ ఒక్కటీ మరిచిపోలేదు.

అనంతగిరి

ఎక్కుడంతా నడకే అనుకోండి. తొక్కింది తక్కువ, తోసింది ఎక్కువ. కింద ఎండకి మాడిపోయిన మనుషులం, టైడా ఊరు దాటేసరికి చొక్కా గుండీలు పెట్టుకున్నాం. నా చెయ్యి ఎన్నిసార్లు లేచిందో చెప్పలేను. కలప లారీలు, ఉప్పు లారీలు, సర్కారు జీపులు. ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తే బావ అప్పటికే కొండకి వీపు ఆనించి, సైకిలు పక్కన పెట్టుకుని, ఫొటో తీయించుకునేవాడిలా నిలబడి ఉండేవాడు.

అనంతగిరిలో ఒక తాటాకు పాకలో టీ తాగాం. ఇరవై పైసలు. కింద పదిహేనే. చుట్టూ కాఫీ తోటలు, పాకలో మాత్రం టీయే. ఎందుకని పాక యజమానురాల్ని అడిగాను.

"గింజలన్నీ లారీలకెత్తి దింపీత్తారు బాబూ. ఆ నీళ్ళు ఎలగుంటాయో నాకేటి తెలుసు?" అంది.

ఆమె దగ్గర మామిడికాయలు కనబడి కారం ఉప్పుతో ఒకటి అడిగాను. తల అడ్డంగా ఊపింది. అమ్మవారికి కొత్త మామిడి పెట్టేదాకా పైన ఊళ్ళలో ఎవరూ పళ్ళకి తగలనివ్వరట. మన ఇళ్ళలో ఉగాది నాడే పచ్చడిలో వేసుకుని తినేస్తాం, చెట్టుని గానీ దేవుణ్ణి గానీ అడిగేది లేదు. "మీవి కిందూరి కాయలైతే తినండి, ఇవి కాదు" అంది నవ్వుతూ. రాగి అంబలి పోసింది. ఆ రాత్రి ఆమె అరుగు మీదే, దుప్పట్లో ముడుచుకుని పడుకున్నాం.

గాలికొండ

పొద్దున్న గాలికొండ దగ్గర మబ్బు రోడ్డు మీదే కూర్చుని ఉంది. ముందు చక్రం తప్ప ఏదీ కనబడలేదు. చెయ్యెత్తితే బావకి కనబడదు కాబట్టి పక్కపక్కనే నడిచాం. మబ్బు తేలిపోయాక కింద లోయ, పోడు చేలు, మధ్యలో రైలు పట్టా దారంలా కనిపించింది. బావ చాలాసేపు చూశాడు.

ఆ తరవాత ఉతారం, అంటే దిగుడు రోడ్డు. వాన ఒక దంచు దంచి వెలిసింది. వానలో నడిచాం. వెలిశాక ఎక్కాం. రోడ్డు ఇంకా తడిగానే ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ కాళ్ళు పీకుతున్నాయి, సుంకరిమెట్ట ఇంకెంతో దూరం లేదనిపించింది.

వెనక లారీ వినబడి ఎడమ చెయ్యెత్తాను. తిరిగి చూశాను. బావ నా చెయ్యి చూశాడు. బ్రేకు పట్టాడు. సైకిలు ఆగలేదు. వెనక బ్రేకు రబ్బరు ఊడి ఎటో ఎగిరిపోయింది. లారీ మలుపు తిరుగుతోంది. నేను అరిచాను, అరవడం దండగని తెలిసీ అరిచాను. బావ హ్యాండిలు కొండ వైపు తిప్పేసి, రోడ్డు పనికి పోసిన కంకర గుట్టలోకి తీసుకెళ్ళి పడేశాడు. లారీ ఆయన కాళ్ళకి బారెడు దూరంలోంచి వెళ్ళి, కొంచెం కిందకి పోయి ఆగింది.

డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. భయంతో ముఖం తెల్లబోయి ఉంది.

"హారన్ కొట్టి కొట్టి సస్తన్నాను! సెవుడేటి నీకు?"

మోకాలు చూసుకుంటున్న బావ తలెత్తి డ్రైవరు పెదాల వైపు చూశాడు. "అవును బాబూ" అన్నాడు.

డ్రైవరు లారీలోని డబ్బాలోంచి నీళ్ళు తెచ్చి బావ మోకాలు తనే కడిగాడు. సైకిళ్ళు లారీలో వేసుకుంటాను రమ్మని బతిమాలాడు. ఇంజను పక్కన కూర్చోవడం ఈయన చెవికి పడదని నేను చెబితే, బావ చేతిలో ఒక బీడీ కట్ట పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణించి అరకు దాకా, అరకు దాటాక కూడా, మళ్ళీ వాన పడితే తడుస్తూ, నడిచే వెళ్ళాం.

రోడ్డుకి అడ్డంగా వెదురు

డుంబ్రిగుడ ఇంకో రెండు మైళ్ళుందనగా రోడ్డుకి అడ్డంగా ఒక వెదురు బొంగు కనిపించింది. రెండు పక్కలా ఆడవాళ్ళు. ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు ఇలా దారి కాసి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు పుచ్చుకుంటారు. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు కొడతారట. మా వైపు మొగుడి మీద చెంబుడు మంచినీళ్ళు పోసినా ఊరంతా పంచాయితీకి కూర్చుంటుంది.

బొంగు పట్టుకున్న ఆమె పేరు సోంబారి. ముప్పై ఏళ్ళుంటాయేమో. ముక్కుకి మూడు పోగులు, నోటినిండా నవ్వు.

"సైకిలోళ్ళయినా ఇయ్యాల, జీపోళ్ళయినా ఇయ్యాల" అంది.

ఇచ్చాం. బావ నా వైపు తిరిగి, "ఆట ఎప్పుడో అడుగు" అన్నాడు. అడిగాను.

పొద్దు గుంకాక మొదలవుతుందని చెప్పి, రోడ్డు పక్క చితుకుల మంట దగ్గర కూర్చున్న ఒక ముసలాయన్ని చూపించింది. ఆమె మామ, పేరు సుకురు. వేటకి పోయే వయసు దాటిపోయింది. ఒళ్ళో తుడుం. వానకి తోలు తడిసి మెత్తబడితే మంట దగ్గర పెట్టి ఆరబెడుతున్నాడు.

బావ కుంటుకుంటూ వెళ్ళి ఆయన పక్కన చతికిలబడ్డాడు. అరచెయ్యి తోలు మీద ఆనించాడు. ముసలాయన వద్దనలేదు. తనూ చెయ్యి ఆనించి, "తడిసినాది. సందేలకి పలుకుతాది" అన్నాడు. ఆయనది లావు గొంతు. బావకి మొత్తం వినబడింది. నా వైపు చూసిన ఆ చూపులో ఎంత సంతోషమో!

ఎందుకొచ్చామో నేను చెప్పాను. సుకురు తలూపి, "సాన దూరం నించి తుడుం కోసరం వచ్చినారా?" అని రెండుసార్లు అడిగి, పండగ ఇంకా మూడ్రోజులు ఉంటుందన్నాడు. అరుగు మీద పడుకోవచ్చంది సోంబారి. సామ కూడు ఉంది, జీలుగు కల్లు ఉంది అంది.

ఆగుదామా వద్దా అని నేను బావని చూశాను. ఒళ్ళంతా తడి, పళ్ళు కొట్టుకుంటున్నాయి, మోకాలు బూరెలా పొంగింది. డుంబ్రిగుడలో అయితే మందు కట్టే కాంపౌండరు ఉంటాడు. మర్నాడే సంత కాబట్టి సైకిలు బాగుచేసేవాడూ వస్తాడు.

బావే తేల్చాడు. "పండగ ఇంకా మూడ్రోజులుంటాదంటన్నారు గదా. ఈ తడి బట్టల్తోటి కూకుంటే ఏటి ఇంటాం? కాలు కట్టించుకుని, బ్రేకు ఏయించుకుని, రేపు తీరుబడిగా వద్దుము."

నాకూ అదే సరైందనిపించింది. ఇప్పటికీ ఎవరడిగినా అది తెలివైన పనే అంటాను. రేపు సందేళకి తప్పకుండా వస్తామని సుకురుకి చెప్పాం.

డుంబ్రిగుడ

కాంపౌండరు మందు రాసి కట్టు కట్టాడు. ఒక ఎండుచేపల వ్యాపారి షెడ్డులో చోటిచ్చాడు. పొడి బట్టలు కట్టుకుని, వేడి అన్నంలో కందిపప్పు వేసుకుని తిని, షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నాం. వాన వాసన, చేపల వాసన కలిసి ఉన్నాయి. గాలి ఆగిపోయి ఉంది.

అప్పుడు తుడుం మొదలైంది.

రెండు మైళ్ళ అవతలి నుంచి, చేల మీదుగా వస్తోంది. ముందు ఒక్కో దెబ్బ, తరవాత జతలుగా. దాని వెనక ఆడవాళ్ళ పాట సన్నగా.

నా ముఖం చూసి బావకి తెలిసిపోయింది. "మొదలెట్టారా?"

"మొదలెట్టారు బావా."

ఆయన తల ఆ వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చాలాసేపు అలా ఉండి తల అడ్డంగా ఊపాడు. "నాకు రాలేదురా." బల్ల మీంచి లేవబోతూ, "ఎల్దుమా?" అన్నాడు.

చీకటి రోడ్డు, బ్రేకు లేని సైకిలు, వంగని మోకాలు. నేను ఏమీ అనకముందే ఆయనే, "వద్దులే. రేపే" అన్నాడు. తరవాత, "ఎలగుందో సూపించు" అని అరచెయ్యి బల్ల మీద బోర్లించి పెట్టాడు.

తుడుం ఎలా వినబడితే అలా బల్ల మీద గుప్పిటితో కొట్టాను. దెబ్బ దెబ్బకీ ఆయన వేళ్ళు కదిలాయి. "ఆడోళ్ళ పాట కూడా వత్తందా?" అని అడిగాడు. వస్తోందన్నాను. "అదెలాగూ నాకు ఇనపడదు. దీనికే వచ్చినాం" అన్నాడు. నా చెయ్యి నొప్పెట్టి ఆపేశాక కూడా అక్కడ తుడుం మోగుతూనే ఉంది. ఎక్కడా తగ్గలేదు. ఇంత గట్టిగా ఇంతసేపు ఎలా కొడుతున్నాడా అనుకుంటూ నిద్రపోయాను.

సంత రోజు

సంతలో అడ్డాకు కట్టలు, చింతపండు, పసుపు, పిప్పళ్ళు కొండ మీంచి దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, పూసలు, అద్దాలు కింద నుంచి ఎక్కుతాయి. బేరం మాటలతో కాక కుంచాలతో, గుప్పిళ్ళతో జరుగుతుంది. బావకి అక్కడ ఏ ఇబ్బందీ లేదు. మిల్లులో నేర్చుకున్న చేతి మాటలతో నాకంటే చవగ్గా చింతపండు కొన్నాడు. సైకిలుకి రెండు వైపులా కొత్త రబ్బర్లు వేయించాం. ఆ ఉదయమంతా ఆయన పండగకి పోయే పిల్లాడిలా ఉన్నాడు. చొక్కా ఉతికి ఆరేసి మళ్ళీ తొడుక్కున్నాడు.

పొద్దు వాలేవేళ సోంబారి వాళ్ళ ఊరు చేరాం. వెదురు బొంగు రోడ్డు పక్కన గడ్డిలో పడి ఉంది. ఎవరూ దారి కాయడం లేదు. ఇళ్ళ దగ్గర జనం ఉన్నారు గానీ ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. వేటకి పోయిన మగవాళ్ళు కూడా తిరిగొచ్చేసి ఉన్నారు.

సోంబారి మమ్మల్ని చూసి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ముసిలోడు పోయినాడు బాబూ. తెల్లారి నేపబోతే నెగనేదు. పండగ ఆపీసినాం. ఈ ఏడుకి మరి నేదు."

ఆమె ఇంకా చెబుతోంది. రాత్రి ఎవరు ఆపమన్నా సుకురు ఆపలేదట. వేరేవాళ్ళు తుడుం అందుకోబోతే ఇవ్వలేదట. కిందనుంచి సైకిలోళ్ళొచ్చారు, కాలు దెబ్బ తగిలి రాలేకపోయారు, డుంబ్రిగుడ దాకా వినబడాలని కొట్టాడట.

బావకి ఆమె సన్న గొంతు అందడం లేదు. ఏడుస్తూ మాట్లాడుతుంటే పెదాలూ అందడం లేదు. "ఏటంటాంది?" అని నా భుజం పట్టుకున్నాడు. "సూరీ, ఏటంటాంది?"

ఆయన వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఏదీ దాచలేదు.

బావ సైకిలు స్టాండు వేశాడు. తలపాగా తీశాడు. ఆ ఇంటి వైపు తిరిగి, "ఇనపడిందని సెప్పు" అన్నాడు.

"బావా..."

"బాగా ఇనపడిందని సెప్పురా."

చెప్పాను. సోంబారి బావ ముఖంలోకి చూసి తలూపింది. "వచ్చే సైత్రానికి రండి" అంది.

దిగడం

తిరుగు దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్క నియమమూ తప్పలేదు. నిటారు ఉతారాల దగ్గర ఆకులతో ఉన్న కొమ్మలు నరికి క్యారియర్లకి కట్టి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ దిగాం. సైకిలు అదుపులో ఉంటుంది, బ్రేకు మీద భారం పడదు. కొండ మీది సైకిలోళ్ళు చేసే పనే, దారిలో చూసి బావ పట్టేశాడు. గాలికొండ దగ్గర ఆ కంకర గుట్ట పక్కనుంచి సైకిళ్ళు తోసుకుంటూ నడిచాం. ఏ లారీ కిందా పడలేదు, ఏ లోయలోనూ జారలేదు. బావని మా అక్క గుమ్మంలో క్షేమంగా దింపాను. అక్క సంతోషించింది. మేమిద్దరం ఆమె సంతోషాన్ని చూస్తూ కూర్చున్నాం.

ఆ ఏడు దీపావళికి పక్క వాకిట్లో పెద్ద బాంబు పేలితే, వీధిలో అందరూ ఉలిక్కిపడితే, బావ మాత్రం వెలుగు చూసి తల తిప్పాడు. మళ్ళీ చైత్రం వచ్చినప్పుడు నేను సైకిలుకి నూనె వేసుకుని వాళ్ళింటికి వెళ్ళి, వెళ్దామా అని సైగ చేశాను. ఆయన నవ్వాడు. "నాకెందుకురా ఇంక? నువ్వెల్లు. ఎల్లి ఆ సోంబారికి బాగున్నామని సెప్పు" అన్నాడు. ఆయన లేకుండా వెళ్ళబుద్ధి కాలేదు. ఆ తరవాత కూడా వెళ్ళలేదు.

మీరు వెళ్ళేవాళ్ళయితే సైకిలు మీద వెళ్ళినా మరెలా వెళ్ళినా జాగ్రత్తగా వెళ్ళండి. మలుపుల్లో తొందరపడకండి. చైత్రంలో రోడ్డు మీద ఎవరైనా ఆపి, రాత్రి ఆట ఉంది ఆగమంటే మాత్రం, బట్టలు తడిసి ఉన్నా, కాలు నొప్పిగా ఉన్నా, ఆ పూటే ఆగిపొండి.